పోచమ్మ మా ఇంట్లో ఉన్నన్ని రోజులు

ఇరవై ఆరేళ్ల గడ్డపు మనిషికి అమ్మవారు పోస్తే జాలిపడే వాళ్ల కంటే నవ్వే వాళ్లే ఎక్కువ. "పోరగాండ్లకు రావాల్సింది నీకొచ్చిందేందిరా" అని పనిచేసే చోట అందరూ నవ్వారు. మొదటి రెండు రోజులు నేనూ నవ్వాను. ఆరో రోజుకు నవ్వడానికి ఊపిరి చాలలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. నుదుటి మీద రెండు గుంటలు, ఎడమ చెవి కింద ఒకటి మిగిలాయి. గడ్డం కింద ఎన్ని ఉన్నాయో చూసుకునే ధైర్యం లేక గడ్డం తీయలేదు. ఇది రాయడానికి కారణం ఒకటి కాదు. సొంతూరికి అరగంట దూరంలో ఉంటూ కూడా ఇంటికి వెళ్లలేక కిరాయి గదుల్లో ఒంటరిగా జ్వరంతో పడి ఉండే వాళ్లు నాలాగా చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒకటి రెండు మాటలు చెప్పాలని ఉంది. ఇక నా లోపల ఇంకా సర్దుకోని సంగతులు కొన్ని ఉన్నాయి. కాగితం మీద పెడితే అవి కాస్త కుదురుగా కూర్చుంటాయేమోనని ఆశ.

శివరాత్రి తర్వాతి సోమవారం, మొయినాబాద్

పొద్దున లేచేసరికి ఒళ్లంతా ఎవరో చితకబాదినట్టు ఉంది. ముందురోజు ఎండలో మామిడి మొక్కలు మోశాను కదా, దానివల్లే అనుకున్నాను. నేను పనిచేసేది సురంగల్ వెళ్లే దారిలో ఉన్న ఒక నర్సరీలో. ఫామ్‌హౌస్‌ల వాళ్లు కారు దిగకుండానే "ఆరు నెలల్లో నీడనిచ్చే చెట్టు ఏదన్నా ఉందా" అని అడుగుతారు. ఆరు నెలల్లో నీడనిచ్చేది గొడుగు ఒక్కటేనని చెప్పాలనిపిస్తుంది. చెప్పను, చెబితే ఉద్యోగం ఉండదు.

మంగళవారం పొట్ట మీద మూడు నీటి పొక్కులు కనపడ్డాయి. బుధవారం పొద్దుటికి లెక్కపెట్టడం మానేశాను. వీపు మీద, తల్లో, ఆఖరికి నోట్లో కూడా లేచాయి. మంచినీళ్లు మింగితే మిరపకాయ మింగినట్టు ఉంది.

మా ఇంటి ఓనరు జంగమ్మక్క మెట్ల మీదికి వచ్చి, గడప అవతలే ఆగింది. ఆమె కూతురు ఏడో నెల కడుపుతో కాన్పుకు వచ్చి కింది గదిలో ఉంది.

"తమ్మీ, ఏమనుకోకు. నా బిడ్డ కడుపుతోటి ఉన్నది. నీకు నయమైనంక మల్ల రా, నీ సామాను ఏడికీ పోదు. ఇప్పుడైతే మీ ఇంటికి పో" అంది. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. మెట్టు మీద ఒక చెంబు మజ్జిగ పెట్టి దిగిపోయింది.

ఆమెది తప్పనడానికి లేదు. ఆమె స్థానంలో మా అమ్మ ఉన్నా అదే మాట అనేది. కానీ "మీ ఇంటికి పో" అన్నప్పుడు నాకు వెంటనే లేచి వెళ్లాలనిపించలేదు. రెండేళ్లుగా నాకు తెలియనిది అదొక్కటే, నా ఇల్లు ఏదని.

మాది చేవెళ్ల. మెయిన్ రోడ్డు మీద బాపు కిరాణా దుకాణం, దాని వెనకే మేము ఉండే ఇల్లు. రెండింటికీ ఒకటే దర్వాజ. వంటింట్లోకి వెళ్లాలంటే బియ్యం బస్తాల మధ్య నుంచి పక్కకు తిరిగి నడవాలి. డిగ్రీ అయ్యాక బాపు నన్ను గల్లాపెట్టె ముందు కూర్చోమన్నాడు. కూర్చోనన్నాను. మాటా మాటా పెరిగింది. చివరికి నేను ఒక మాట అన్నాను. "ఇది ఇల్లు గాదు, గోదాం. మనం గిండ్ల పడున్న సరుకు."

బాపు గల్లాపెట్టె మూసి నా వైపు తిరిగాడు. "అట్లనా. అయితే ఇల్లు ఏడున్నదో ఎతుక్కో పో" అన్నాడు.

వెళ్లిపోయాను. మొదట కొండకల్ వైపు ఒక గది, తర్వాత సురంగల్‌లో, ఇప్పుడు మొయినాబాద్‌లో. ప్రతి గదికీ కొత్త బకెట్, కొత్త తాళం కొన్నాను. ఏ గదిలోనూ మేకు కొట్టి చొక్కా తగిలించలేదు. బాపు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు అమ్మ ఫోన్ చేసేది. బాపుతో మాట్లాడి రెండేళ్లయింది.

ఆ బుధవారం నేనే అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, నాకు ఒళ్లంత పొక్కులు లేసినయ్" అన్నాను.  అమ్మ లోపలికి వెళ్లి ఎవరికో చెప్పడం వినిపించింది, జవాబు మాత్రం వినపడలేదు.

"రమ్మంటున్నరు" అంది అమ్మ ఫోన్‌లోకి వచ్చి.

"ఎవరు?"

"రమ్మంటున్నరని చెప్తున్న గద. రా."

నర్సరీలో నాతో పనిచేసే మహేశ్‌కు చిన్నప్పుడే అమ్మవారు పోసింది కాబట్టి భయం లేదు. చేవెళ్ల అవతల ఎవరికో కొబ్బరి మొక్కలు దింపాల్సి ఉందని ట్రాలీ ఆటో తెచ్చాడు. మొక్కల మధ్యలో చోటు చేసి, కింద గోనెసంచులు పరిచి నన్ను పడుకోబెట్టాడు, పైన పచ్చవల కప్పాడు. బీజాపూర్ రోడ్డు మీద ప్రతి గుంతా నా వీపుకు తెలిసింది. మధ్యలో ఆటో ఆపి, "అన్నా, ఉన్నవా?" అని అడిగేవాడు. "ఉన్న" అనేవాణ్ని.

బుధవారం సాయంత్రం, చేవెళ్ల

ఆటో ఆగగానే నేను మొదట చూసింది దుకాణం షట్టర్. అది కిందికి దించి ఉంది. దాని గొళ్లానికి వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. అమ్మ వైపు తాతయ్య పోయినప్పుడు మూడో రోజే తెరిచిన దుకాణం అది. మా అక్క పెళ్లినాడు కూడా పొద్దున గంటసేపు పాల పాకెట్లు అమ్మాడు బాపు. నా కళ్లను నేను నమ్మలేదు.

దర్వాజలో అమ్మమ్మ నిలబడి ఉంది. అమ్మకు అన్నదమ్ములు లేరు కాబట్టి అమ్మమ్మ చాలా ఏళ్లుగా మాతోనే ఉంటుంది. అన్నేళ్లలో ఆమె అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా అమ్మకు చెబుతుంది, బాపు పక్కనే ఉన్నా సరే. నా కాళ్ల మీద పసుపునీళ్లు పోసి, దండం పెట్టి, "చల్లగ రా పోచమ్మతల్లీ" అంది. పోచమ్మతల్లి అనిపించుకుని గడ్డమూ నేనూ లోపలికి వెళ్లాం.

నా దగ్గర ఎవరు ఉండాలన్న దాని మీద వాకిట్లో పంచాయతీ నడిచింది. అమ్మకు ఎప్పుడూ పోయలేదు, కాబట్టి ఆమె నా గదిలోకి రాకూడదు. అమ్మమ్మకు పోసింది గానీ మోకాళ్లు వంగవు. అప్పుడు బాపు గొంతు వినిపించింది.

"నాకు షాబాద్‌ల ఉన్నప్పుడే, చిన్నగున్నప్పుడే అయింది. నేను సూస్కుంట."

రెండేళ్ల తర్వాత విన్న మొదటి మాట. నాతో అన్నది కాదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు ఒంటి మీద పొక్కులు లేస్తే రోగం వచ్చిందనరు, తల్లి వచ్చిందంటారు. తల్లి ఇంట్లో ఉన్నన్ని రోజులు తాలింపు వేయరు, కూరలో మసాలా ఉండదు, తల దువ్వరు, గడ్డం గీయరు. అన్నిటికంటే పెద్ద నియమం, ఇంట్లో ఎవరూ గొంతు పెంచకూడదు. తలుపు కూడా గట్టిగా వేయకూడదు. కోపం చేస్తే తల్లి తట్టుకోదట, ఒంటి మీద ఇంకా పైకి లేస్తుందట.

బాపు సంగతి మీకు తెలియదు. చక్కెర బస్తా జారిపడితే బస్తాను తిట్టే మనిషి. అలాంటి మనిషి వేపాకు పరిచిన చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "ఏం గావాలె?" అని మెల్లగా అడిగేవాడు. పెరుగన్నం చెంచాతో పెట్టేవాడు. దురద పుడితే వేపకొమ్మతో వీపు మీద రాసేవాడు. నోట్లో పొక్కుల వల్ల మింగలేకపోతే గిన్నె పట్టుకుని ఎంతసేపైనా ఓపికగా ఉండేవాడు. నా కళ్లలోకి మాత్రం చూసేవాడు కాదు.

మూడు రోజులు నేను సుఖపడ్డాను, నిజం చెబుతున్నాను. ఒళ్లంతా మండుతున్నా సుఖపడ్డాను. బాపు నన్ను క్షమించాడనుకున్నాను. ఇన్ని పొక్కులు లేస్తే గానీ ఇంటికి దారి దొరకలేదని నాలో నేనే నవ్వుకున్నాను.

నాలుగో రోజు ఎవరో షట్టర్ తట్టారు. బాపు పక్క సందులోంచి బయటికి వెళ్లాడు. కిటికీ దగ్గరే కాబట్టి మాటలన్నీ వినిపించాయి.

"సేటూ, దుకాన్ ఎందుకు బందువెట్టినవ్? కొడుకొచ్చిండంట గద?"

"ఇంట్ల తల్లి ఉన్నది" అన్నాడు బాపు. "పోయినంక తీస్త."

అంతే. కొడుకు వచ్చాడని అనలేదు. ఆ సాయంత్రం నేను అమ్మమ్మను అడిగాను, "బాపుకు నా మీద కోపం పోయినట్టేనా?" అని. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, అదే ఆమెతో వచ్చిన చిక్కు. "గా మర్యాద నీకు గాదు బిడ్డా, తల్లికి. తల్లిని సాగదోలినంక నీ సంగతి, ఆయన సంగతి మల్ల ఎప్పటిలెక్కనే" అంది.

ఆ మాట విన్నాక నాకు పొక్కులు మానిపోవడమంటేనే భయం పట్టుకుంది. ఇంట్లో తల్లి ఉన్నంతకాలమే నాకు ఇంట్లో చోటు. ఆమె వెళ్లిపోయిన రోజున మళ్లీ నేను మొయినాబాద్ గది, బకెట్, తాళం.

ఆరో రోజు

పొద్దున మెలకువ వచ్చేసరికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంది. దగ్గితే పక్కలు పొడిచాయి. చాప మీంచి లేచి గోడ దాకా వెళ్తే ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడిపోయాను.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. ఎవరికీ చెప్పలేదు. మూడు నీళ్లు పోసేదాకా, అంటే మూడుసార్లు వేపనీళ్ల స్నానం అయ్యేదాకా, గడప దాటి దవాఖానకు పోతే తల్లికి కోపం వస్తుందని అమ్మమ్మ మొదటి రోజే చెప్పింది. నేను అంత నమ్మేవాణ్ని కాదు. కానీ నియమం తప్పితే ఈ మెత్తటి మాటలు, ఈ చెంచా, ఈ గిన్నె అన్నీ అక్కడితో ఆగిపోతాయనిపించింది. ఊపిరి ఆడకపోయినా పర్వాలేదు గానీ ఇది ఆగకూడదనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం అదే సరైనదనిపించింది.

మధ్యాహ్నం బాపు మంచినీళ్ల గ్లాసు ఇచ్చాడు. ఒక గుక్క తాగి ఆగాను. ఊపిరి పీల్చుకుని ఇంకో గుక్క. మళ్లీ ఆగాను. ఒక గ్లాసు నీళ్లు ఐదుసార్లు ఆగి తాగాను. బాపు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"పొద్దుగాల నుంచి గిట్లనే ఉన్నదా?"

నేను తల ఊపాను.

"గాడిద కొడుకా!" అని అరిచాడు. "చెప్పనీకి నోరు లేదారా? సచ్చినంక చెప్తవా? రెండేండ్లు నోరు మూస్కున్నది సాలలేదా?"

ఆరు రోజులుగా చప్పుడు లేని ఇల్లు అది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గడప దగ్గర ఆగిపోయింది. అమ్మమ్మ చేతులు రెండూ జోడించింది. ఆమె ఆ రోజు అమ్మ వైపు తిరగకుండా నేరుగా అల్లుడితోనే మాట్లాడింది.

"అల్లుడూ, నోరు జారకు. తల్లి ఉన్నది. గడప దాటియ్యకు."

"తల్లికి నేను జవాబు చెప్పుకుంట అత్తమ్మా" అన్నాడు బాపు. "ఈనికి దమ్ము అందుతలేదు. నేను తీస్కపోత."

నా భుజాల కింద చేతులు వేసి లేపాడు. ఆటో కోసం చూడకుండా దుకాణం సరుకులు తెచ్చే తన పాత స్కూటీ తీశాడు. వెనక కూర్చోబెట్టి, నా రెండు చేతులూ తన పొట్ట చుట్టూ వేసి, అమ్మ పాత చీరతో మా ఇద్దరినీ కలిపి నడుం దగ్గర కట్టాడు. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. హారన్ల మధ్య మాటలు సరిగ్గా వినపడలేదు. నా చెంప బాపు వీపుకు ఆనించి ఉంది కాబట్టి తిట్లు వీపులోంచే తెలిశాయి. ఏడుపొచ్చింది. బాధతో కాదు. ఇంతకాలానికి బాపు నాతో మాట్లాడుతున్నాడు.

దవాఖాన

అందరిలో కూర్చోకూడదని చెప్పి మమ్మల్ని వరండా చివర ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. వేచి ఉండటంలో ఒక విచిత్రం ఉంది. ప్రాణం మీదికి వచ్చినా సరే, పక్కవాళ్ల రోగం ఏమిటో తెలుసుకోకుండా ఉండలేం. కాస్త దూరంలో ఒక ముసలామె విరిగిన చేతికి గుడ్డ కట్టుకుని కూర్చుంది. నన్ను చూసి గబుక్కున లేచింది. భయపడి దూరం వెళ్తుందనుకున్నాను. ఆమె బాగున్న చెయ్యి నుదుటికి ఆనించి, "చల్లగ సూడు తల్లీ. నా చెయ్యి అతుకు" అని మొక్కింది. తల్లో ఉన్న బంతిపువ్వు తీసి బల్ల చివర పెట్టి వెళ్లింది.

"మొక్కు తీసుకో మల్ల" అన్నాడు బాపు. ఆ మనిషి నాతో వేళాకోళమాడి ఎన్నేళ్లయిందో. నవ్వబోతే దగ్గొచ్చింది.

డాక్టరమ్మ ఛాతీ చూసి, ఫోటో తీయించి, పెద్దవాళ్లకు వస్తే ఇలా ఊపిరితిత్తులకు పాకుతుందని, పొద్దునే రావాల్సిందని చెప్పింది. ఆక్సిజన్ పెట్టారు. మూడు రోజులు అక్కడే ఉండాలంది. తర్వాత బాపు వైపు తిరిగింది.

"మీకు ఇదివరకు వచ్చిందా?"

బాపు నేల చూస్తూ, "లేదు మేడం. నాకు కాలే" అన్నాడు.

ఆమె కూడా తిట్టింది. వయసు యాభై దాటింది, షుగర్ ఉంది, ఇన్ని రోజులు ఎలా దగ్గరున్నారని. బాపు పంతులు ముందు బడిపిల్లాడిలా నిలబడి అన్నీ విన్నాడు. ఆమె వెళ్లాక నేను మాస్క్ కొంచెం పక్కకు జరిపాను.

"అయిందని ఎందుకు చెప్పినవ్?"

"రాలేదంటె మీ అమ్మ నన్ను నీ దగ్గరికి పోనిస్తుండెనా?" అన్నాడు బాపు. "మాస్క్ పెట్టుకో."

ఈ మాట నాకు ఇప్పటికీ సర్దుకోలేదు. ఒక పక్క అమ్మమ్మ చెప్పిన మర్యాద, ఇంకో పక్క ఈ అబద్ధం. ఆ మూడు రోజులూ ఆ రెంటి మధ్యే ఆలోచిస్తూ పడుకున్నాను.

ఇది చదివే వాళ్లకు చెప్పాలనుకున్న మాట ఇదే. తల్లి అనండి, చికెన్‌పాక్స్ అనండి, మొక్కేది మొక్కండి. కానీ మొదటి రోజే డాక్టర్‌కు చూపించండి. ఊపిరి బరువనిపిస్తే అసలు ఆగకండి. మంచిగా ఉండి అందరి మెప్పు పొందుదామని రోగాన్ని దాచుకోకండి. నేను దాచుకున్నాను, మొదటి రోజే డాక్టర్‌కు చూపించనందుకు నా వల్ల ఇంకొకరికి కూడా వచ్చింది.

మూడు నీళ్లు

తిరిగొచ్చాక పొక్కులు ఎండిపోయాయి. అమ్మమ్మ వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్లు రోజు విడిచి రోజు మూడుసార్లు పోయించింది. మూడో స్నానం తర్వాత షాబాద్ రోడ్డు పక్కనున్న పోచమ్మ గుడికి వెళ్లాం. బెల్లం, పసుపు కలిపిన నీళ్లు సాక పోసి, పెరుగన్నం పెట్టి, అమ్మమ్మ తల్లిని సాగనంపింది. "పోయిరా తల్లీ" అన్నప్పుడు నాకూ సెలవిచ్చినట్టే వినిపించింది.

ఆ మధ్యాహ్నానికే షట్టర్ పైకి లేచింది. బాపు గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. నాతో ఏమీ అనలేదు. దవాఖానలో మాట్లాడిన మనిషి ఈయనేనా అనిపించింది.  రెండు రోజులు అలాగే గడిచాయి. "ఉండనా, పోనా?" అని అమ్మను అడిగితే, "మీ బాపును అడుగు" అంది. దుకాణంలోకి వెళ్లి నిలబడ్డాను. బాపు బెల్లం తూకం వేస్తున్నాడు.

"ఏం గావాలె?" అన్నాడు తలెత్తకుండా.

"ఏం లేదు. నేను పోతున్న."

తూకం రాయి తీసి పక్కన పెట్టాడు. "పైలం" అన్నాడు, జాగ్రత్తగా పొమ్మన్నట్టు. బస్తాల మధ్య నుంచి పక్కకు తిరిగి నడుచుకుంటూ బయటికి వచ్చాను. జంగమ్మక్క నా గది ఊడ్చి ఉంచింది. ఆ శుభ్రం చూస్తే ఇంకా బాధేసింది.

నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసింది.

"మీ బాపుకు పోసింది. నన్ను దర్వాజ కాడికి కూడ రానిస్తలేడు. నిన్ను పిలువుమన్నడు."

మళ్లీ చేవెళ్ల

ఈసారి ఎవరూ పంచాయతీ పెట్టలేదు. నేను వెళ్లేసరికి అమ్మమ్మే స్కూటీ తాళం చేతిలో పట్టుకుని ఉంది. "ముందుగాల దవాఖానకు తీస్కపో. తల్లి ఎటుపోతది, గీడనే ఉంటది" అంది. మొదటి రోజే మందులు మొదలుపెట్టారు. రోజూ వచ్చి చూపించమన్నారు.

బాపు అంత చెడ్డ రోగిని నేను చూడలేదు. గిన్నె పట్టుకుంటే వంకరగా పట్టుకున్నావంటాడు. మాత్రలు నాలుక కింద దాచేవాడు. నాకు కోపం వస్తే పళ్లు బిగించి, "ఏం గావాలె బాపూ?" అనేవాణ్ని, నియమం ప్రకారం. "నీకు మర్యాద రాదు. నటిస్తున్నవ్" అనేవాడు ఆయన. నిజమే, నటిస్తున్నాను. బాపు కూడా అప్పుడు ఎంత నటించాడో నాకు తెలిసొచ్చింది. అందులో ఎంత నటనో, ఎంత కాదో కూడా తెలిసొచ్చింది.

మూడో రోజు సాయంత్రం జ్వరం ఎక్కువైంది. బాపు నా మణికట్టు పట్టుకుని, "ఊపిరి మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. అబద్ధం చెప్పి నా పక్కన కూర్చున్న మనిషి ఆయన, అందుకే నాకు చాలా భయమేసింది. నాకు వచ్చినప్పుడు కూడా అంత భయపడలేదు. గ్లాసు తెచ్చి, ఎన్ని గుక్కల్లో తాగుతాడో చూస్తూ కూర్చున్నాను. ఆగకుండా తాగాడు. ఆ రోగం ఛాతీలోకి దిగలేదు. పదో రోజుకు ఎండిపోవడం మొదలైంది.

మూడో నీళ్లు నేనే పోశాను. అమ్మమ్మ పోచమ్మ గుడికి వెళ్లి సాక పోసి వచ్చింది. బాపు ఉతికిన బట్టలు కట్టుకుని వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా స్టూల్ వేసుకుని కూర్చున్నాను. అమ్మ వంటింట్లో ఉంది. తల్లి వెళ్లిపోయింది. ఇక మిగిలింది మేమిద్దరమే. ఆయన ఏమంటాడా అని చూశాను.

"గోదాం అన్నవ్" అన్నాడు బాపు.

రెండేళ్ల కింద ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాడు. నేను తలొంచుకున్నాను.

"మా బాపు షాబాద్‌ల కిరాయి ఇంట్లనే సచ్చిపోయిండు. శవాన్ని గడపల పండవెట్టనియ్యలే ఆ ఇంటాయన, బజార్ల వెట్టినం. గందుకే దుకానూ ఇల్లూ ఒక్కతాన కట్టిన. మల్ల నన్ను ఎవ్వడు లెవ్వమనొద్దని కట్టిన. దాన్ని నువ్వు గోదాం అన్నవ్!"

గొంతు పెరిగింది. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పలేదన్న కోపం కూడా నాకు అప్పుడే వచ్చింది.

"నాకెప్పుడన్న చెప్పినవా? గల్లపెట్టె కాడ కూసో అన్నవ్, అంతే గద! నన్ను పొమ్మన్నది నువ్వు!"

"నేను పొమ్మంటె పోతవా?"

"ఉండమంటివా మరి? మొన్న దుకాన్ల ముంగట వచ్చి నిలవడితె గిరాకి లెక్క ఏం గావాలె అన్నవ్!"

"నువ్వు పోతున్న అన్నవ్, నేను పైలం అన్న! ఇంకేం అనాలె?"

"పోకు అనాలె!"

నేను అప్పటికే లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకు తెలియదు, కోపం వస్తే లేస్తాం కదా, అంతే. అమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చి, చేతిలో గంటె పట్టుకుని దర్వాజ వైపు చూసింది. రెండేళ్ల కింద కూడా ఆమె అక్కడే నిలబడి ఉంది, నేను బస్తాల మధ్య నుంచి వెళ్లిపోయేదాకా. బాపు కూడా దర్వాజ వైపే చూశాడు.  ముఖం మీద ఎండిన మచ్చల మధ్య చెమట పట్టింది.

"కూసో" అన్నాడు చివరికి. గొంతు ఇంకా గట్టిగానే ఉంది. "నా మాట ఇంక అయిపోలే."

"నాది గూడ అయిపోలే" అని స్టూల్ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.